దానిమ్మతోక

లాల్ బాషా మోచేతిదాకా బేసిన్‌లో చెయ్యి పెట్టి, నిండు కడుపుతో ఉన్న ఆడ గప్పీ చేపని వల లేకుండానే అరచేతిలోకి తీసుకున్నాడు. తోక మొదట్లో నల్లమచ్చ పెద్దదై, కడుపు పలకలు తేలి ఉంది. మధ్యాహ్నం లోపు ఈనుతుంది. దాన్ని బుట్టలో వదిలి, బుట్టను నీళ్లలో వేలాడదీశాడు.

ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కని, వెనక్కి తిరిగి, కనబడిన పిల్లనల్లా మింగేస్తాయి. అందుకే ఆ బుట్ట. అడుగున ఉన్న సందుల్లోంచి పిల్లలు కిందికి జారిపోతాయి, తల్లి జారలేదు. నైలాన్ దారంతో అతనే అల్లాడు. ఏలూరులో తివాచీలు నేసిన తండ్రి దగ్గర నేర్చుకున్న ముడి అది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎప్పుడూ నానుతూ ఉండటంవల్ల వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడిపోయాయి. కళ్లజోడుకి ఒకవైపు పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. పవర్‌పేటలో అక్వేరియం కొట్టు, దాని వెనక పెరడు, పెరట్లో నలభై బేసిన్లు: ఇరవై రెండేళ్లు అక్కడే గడిచిపోయాయి. ఏడేళ్లపాటు మంచి మగదాన్నీ మంచి ఆడదాన్నీ ఏరి ఏరి కలిపి, దానిమ్మగింజ రంగు తోక సాధించాడు. ఆ తోక కోసం జంగారెడ్డిగూడెం నుంచి కూడా వస్తారు. కొట్టు యజమాని గోపీనాథ్ "మా దానిమ్మతోక" అంటాడు. అననీ. బాషా ఎప్పుడూ పట్టించుకోలేదు.

తండ్రి సుబ్బారావు పోయి కొట్టు చేతికొచ్చిన రోజున ఆ గోపీనాథ్‌కి గప్పీకీ మోలీ చేపకీ తేడా తెలియదు. అన్నీ బాషాయే నేర్పాడు. నెల నిండకముందే ఆడవాటిని మగవాటినుంచి విడదీయాలనీ, ఒక్కసారి మగదాన్ని కలిస్తే ఆడదాని కడుపులో నెలల తరబడి విత్తనం నిలవుంటుందనీ, మగ పిల్లలకు తోక రంగు తండ్రినుంచే వస్తుందనీ.

రెండు నెలల కిందట బాషా సిగ్గుపడుతూ అడిగాడు, ఇంటి దగ్గర ఓ తొట్టి పెట్టుకుంటానని. "అదేంటండీ బాషా గారూ, మీ చేత్తో తెచ్చిన తోక. అడగాలాండీ?" అని గోపీనాథ్ స్వయంగా రెండు మగవీ, కన్నెవంటూ అయిదు ఆడవీ కవర్లో కట్టి ఇచ్చాడు. ఆ రాత్రి బాషా ఆనందంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మగవి రెండూ ముసలివి. వారం తిరక్కుండా పోయాయి. అయినా బాషా దిగులుపడలేదు, విత్తనం ఆడవాటి కడుపులో ఉందిగా! నెల పట్టాల్సింది ఇరవయ్యో రోజుకే ఈనితే, ఎండలకి తొందరపడ్డాయి అనుకున్నాడు. పరాయివాడి తొట్టిలో అయితే అక్కడికక్కడే అనుమానించేవాడు. తనదయ్యేసరికి కళ్లు మూసుకున్నాడు.

ఈవేళ పొద్దున్న ఇంటి తొట్టిలో మగ పిల్లల తోకలు తేలాయి. మసి రంగు, మధ్యలో చుక్క. భార్య గౌసియా వంగి చూసింది.

"ఏవండీ, ఇవేంటండీ, దోమల్ని తినాలని మురుగుకాలవలో వదిలేవాటిలా ఉన్నాయి?"

అతను సైకిలెక్కాడు.

పదింటికి గోపీనాథ్ భార్య ప్రసన్నలక్ష్మి పెరట్లోకి టీ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ అడిగాడు. "అమ్మా, నాకిచ్చిన ఆడవాటిని అంతకుముందు ఎవరైనా కదిపారాండీ?"

"మీరు నమాజుకెళ్లిన శుక్రవారం ఆయనే అయిదు ఆడవాటిని బకెట్‌లోకి తీశారు కదండీ. కాలవలోంచి నాలుగు మగవి పట్టుకొచ్చి వాటితో వదిలారు. రెండ్రోజులు మా మేడమీదే ఉన్నాయి. తర్వాత ఆ ఆడవే మీకు కట్టిచ్చారు. మీరే అలా చెయ్యమన్నారన్నారే?"

పాపం, ఆవిడకేం తెలుసు. బాషా టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాడు గానీ, ఆ తెప్ప తానవుతాననుకోలేదు. అసలు మంట అది కాదు. ఆ మోసం చెయ్యాలంటే చేపల గురించి బాగా తెలిసుండాలి. తెలిసేలా చేసింది తనే.

గోపీనాథ్ బండి దిగగానే ఎదురెళ్లాడు. "కాలవ మగవాటిని ఎందుకు కలిపారు బాబూ?"

అతను భార్యవంక చూశాడు, చేతిలోని బండి తాళాలవంక చూశాడు. "మీరు ఇంట్లో మొదలెడితే రేపు ఊరంతా ఆ తోకే ఉంటుంది కదండీ. కొట్టు చూసుకోవాలి కదా నేను."

"ఇవ్వనని చెప్పాల్సిందండీ. సరేనని ఊరుకునేవాణ్ణి. నవ్వుతూ ఇచ్చి నా గొంతు కోశారు."

గోపీనాథ్ ఏదో అనబోయాడు. బాషా ఆగలేదు. కేరేజీ తీసి సైకిల్ హ్యాండిల్‌కి తగిలించాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. బుట్ట గుర్తొచ్చింది. అది తనది, తండ్రి ముడి. ఇక్కడెందుకు వదలాలి? పెరట్లోకి వెళ్లి, చెయ్యి నీళ్లలో పెట్టాడు.

ఆడది ఈనడం మొదలుపెట్టింది. ఇప్పుడు బుట్ట తీస్తే తల్లి పిల్లల మధ్యే ఉంటుంది, ఒక్కటీ మిగలదు. నీళ్లలో చెయ్యి అలాగే కాసేపు ఉంచాడు. అవి గోపీనాథ్ చేపలే. మగవన్నీ దానిమ్మతోకలే అవుతాయి.

చెయ్యి తీసి, తువ్వాలుతో తుడుచుకుని, "వెళ్తానమ్మా" అని ప్రసన్నలక్ష్మికి చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ పెరట్లో అడుగుపెట్టలేదు.

బేసిన్‌లో బుట్ట వేలాడుతూనే ఉంది, దాని ముడుల సందుల్లోంచి బియ్యపుగింజంత పిల్లలు ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి.