టైగర్ గుండు

కొండమీదికి కుక్కల్ని రానివ్వరు. ఆ ఒక్క నియమం మీదే పెంచలయ్య సంసారం నడుస్తోంది. అలిపిరి దగ్గర రేకుల ఇంటి వెనక నాలుగు కమ్మీల గదులు కట్టి, కార్లలో దర్శనానికి వచ్చేవాళ్ల కుక్కల్ని వాళ్లు కొండ దిగేదాకా చూసుకుంటాడు. అన్నం, నీళ్లు, సాయంత్రం ఒక చుట్టు షికారు. కుక్కలతో ఏ పేచీ లేదు. పేచీ అంతా వాటిని తెచ్చేవాళ్లతోనే. మొన్న ఒకామె తన కుక్క చిక్కిపోయిందని ఏడ్చింది. ఆ తర్వాత మద్రాసాయన తన కుక్క తమిళం మరిచిపోయిందని దెబ్బలాడాడు. అరుపు వినపడగానే వీధి వీధంతా తమాషా చూడ్డానికి వచ్చేది. భార్య చెంగమ్మకు తల తీసేసినట్లయింది.

"ఇంకొక్కరు మన గడపలో నిలబడి అరిస్తే సూడు, ఈ కుక్కల యాపారం ఆ పొద్దే మూసేస్తా," అని తేల్చి చెప్పింది.

పెంచలయ్యకు వేరే పని రాదు. వచ్చినా నచ్చదు.

సరిగ్గా అప్పుడే పలమనేరు నుంచి శకుంతలమ్మ మారుతీ వ్యానులో దిగింది. కొట్టం నిండా ఆవులున్న మనిషి. భర్త అమర్‌నాథ్‌తో కలిసి గుండు మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. ఒళ్లో తెల్లటి బొచ్చుకుక్క. పేరు టైగర్, సైజు పిల్లి.

"రోజూ దువ్వల్లప్పా. బొచ్చు చిక్కు పడగూడదు," అని దువ్వెన చేతిలో పెట్టి కొండెక్కింది.

మర్నాడు టైగర్ అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. బొచ్చు పాయ తీసి చూస్తే చర్మమంతా గోమార్లు, రక్తం తాగి బఠాణీల్లా ఉబ్బి ఉన్నాయి. ఆవుల నుంచి ఎక్కినవి. పశువుల డాక్టరు చూసి, బొచ్చు మొత్తం తీసేస్తేగానీ లాభం లేదన్నాడు. అడుగుదామంటే శకుంతలమ్మ క్యూలో ఉంది. ఇంకా జేబుల్లోకి ఫోన్లు రాని కాలం. సరే, గొరిగించాడు. సూదులు, సెలైను, మందులు కలిసి గ్యాస్ బండకని, బియ్యానికని దాచిన ఎనిమిది వందల్నీ మింగేశాయి. జ్వరం దిగింది. టైగర్ మాత్రం తడిసిన ఎలుకలా మిగిలింది.

"ఆమె సూస్తే ఊరుకుంటాదా?" అంది చెంగమ్మ.

"నేను సూసుకుంటాలే, నువ్వు గమ్మునుండుమే."

"నువ్వు సూసుకుంటాననే నా బయం."

కొత్త గుండుకు చందనం పూసుకుని శకుంతలమ్మ వచ్చింది. వెనక అమర్‌నాథ్, ఆయనదీ గుండే. టైగర్‌ను చూసి ఆమె నోరు తెరిచింది. వీధిలో అప్పుడే రెండు తలుపులు కూడా తెరుచుకున్నాయి.

పెంచలయ్య చేతులు జోడించేశాడు. "మొక్కమ్మా, మొక్కు! మీరట్ల పోతానే దీనికి జరం తగిలింది. బతికితే దీని బొచ్చు నీకేనని సామికి మొక్కినాను. ఇంటిల్లిపాదీ గుండ్లతో ఉంటే ఇదొక్కటే క్రాపుతో తిరిగితే బాగుంటాదా?"

అమర్‌నాథ్ పకపకా నవ్వాడు. శకుంతలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా బిడ్డ కోసరం మొక్కినావా నాయనా!"

పెంచలయ్య చెంగమ్మ వైపు కన్ను గీటాడు. ఆ ఊపులోనే, "డాక్టరు కర్చు ఎనిమిదొందలమ్మా," అన్నాడు.

"అదెట్లప్పా? మొక్కినోళ్లే కర్చు పెట్టుకోవల్ల. ఇంకొకరి డబ్బుతో తీరిస్తే మొక్కు చెల్లుతాదా? నీ పుణ్యం నాకొద్దు."

"గుండుకే గదమ్మా మొక్కింది, సూదులకు కాదు గదా!"

"సూదులూ దాంట్లోవే," అని అమర్‌నాథ్ తీర్పు చెప్పాడు.

చెంగమ్మ మొగుడి చెవి దగ్గరికి వచ్చింది. "గ్యాసు బండ గూడా సామే తెచ్చిస్తాడంటనా?"

పెంచలయ్య ఇరుక్కున్నాడు. మొక్కంటే డబ్బు రాదు, కాదంటే అరుపులు తప్పవు. ఖాళీ పొయ్యి గుర్తొచ్చి తెగించాడు. "మొక్కలేదమ్మా. ఒట్టి మాట. గోమార్ల జరం. అవి మీ కొట్టంలోటివే, వచ్చేటప్పుడే ఎక్కుండాయి."

శకుంతలమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. "కొట్టానికి మందు కొట్టమంటి గదా. కొట్టినావా?"

అమర్‌నాథ్‌కు ఉన్నట్టుండి ఏడుకొండలు చాలా అందంగా కనిపించాయి. అటే చూస్తూ నిలబడ్డాడు.

"నీ సంగతి ఇంటికి పోయినాక," అని ఆమె మళ్లీ పెంచలయ్యను పట్టుకుంది. "సామి పేరు చెప్పి నాతో ఆటలాడతావా? నోట్లోంచి వచ్చినాక మొక్కు మొక్కే. మేము తిరుచానూరు పోయొచ్చేలోపల నువ్వు గుండు కొట్టించుకోని రా. గుండు సూసి డబ్బిస్తా."

పెంచలయ్య రెండు చేతులూ నెత్తిమీదికి పోయాయి. "అమ్మా, దీన్ని రోజూ నూనె పోసి పెంచినానమ్మా..."

"బస్సుండాది, పో," అని చెంగమ్మ సంచీ చేతికిచ్చింది.

సాయంత్రం శకుంతలమ్మ ఆ గుండు చుట్టూ ఒకసారి తిరిగి, తృప్తిపడి, డబ్బు చెంగమ్మ చేతిలో పెట్టింది. వీధంతా వచ్చింది గానీ ఎవరూ అరవలేదు. నవ్వీ నవ్వీ డొక్కలు పట్టుకున్నారు, అంతే.

వ్యాను వెళ్లాక పెంచలయ్య గొణిగాడు. "ఇంతకీ యాపారం ఉండాదా, మూసినట్టా?"

"ఉండాది. ఇంక కుక్కలోళ్లతో నేను మాట్లాడతా. నువ్వు కుక్కలతో మాట్లాడుకో."