కిటికీ పక్కన ఆగిన స్వరం

పొద్దున్నే పొయ్యి వెలిగించడం, కిటికీ తెరవడం, తల కాస్త వంచి గిన్నెల అలమర వైపు వెళ్లడం ఆమెకి అలవాటు. వంచకపోతే చనిపోయిన భర్త స్వరం తగులుతుంది. పోయేముందు ట్రంపెట్ మీద ఆయన ఊదిన చివరి స్వరం అది. అప్పట్నుంచీ వంటింటి కిటికీ పక్కనే ఆగిపోయింది. గ్యాస్ బండ తెచ్చే మనిషి కూడా దాని కిందనుంచి వంగి వెళ్తూ, "అయ్యగారు ఇవాళ కాస్త మందంగా ఉన్నారమ్మా, వాన పడుతుందేమో" అంటాడు.

బ్యాండులో పై స్వరం ఊదే మొదటి కుర్చీ ఆయనది, కింది స్వరంతో జత కలిపే పక్క కుర్చీ ఆమెది. ఇప్పుడు మొదటి కుర్చీలో ఆమెనే కూర్చోమంటున్నాడు బ్యాండుమాస్టరు, లేకపోతే బయటినుంచి ఎవర్నో తెస్తానంటున్నాడు. ఆయనలా మోగించందే కూర్చోనని ఆమె పంతం. అందుకే ట్రంపెట్ కొసన తగిలించి పెదవి ఆనించి ఊదే మౌత్‌పీసు ఏది కనబడినా కొంటోంది. బంగారు పూత వేస్తే స్వరం వెచ్చబడుతుందని ఒక కంపెనీవాడంటాడు. దాని లోహం మందంగా ఉంటే చిక్కబడుతుందని ఇంకొకడంటాడు. ఆశగా ఊదుతుంది, కిటికీ వైపు చెవి పెడుతుంది. రెండూ కలవవు.

ఒక ఆదివారం, వాయిద్యాల దుకాణం నడిపే మరిది కొత్త మౌత్‌పీసులు పట్టుకొచ్చాడు.

"ఈసారి కంపెనీవాళ్ల మాటలొద్దు వదినా, మన చెవుల్ని నమ్ముదాం. నేను గోడవైపు తిరిగి కూర్చుంటా. ఏది పెట్టి ఊదుతున్నావో నాకు చెప్పకు."

ఆమె ఒక్కోటీ మార్చి ఊదింది. మామూలుదాన్ని అతను బంగారమన్నాడు. బంగారాన్ని పల్చటిదన్నాడు. చివరికి మొహం వేలాడేసుకుని ఇటు తిరిగాడు.

"వీటిని అమ్మేవాణ్ణి, నాకే తెలీట్లేదు. తేడా అంతా నీ పెదవికి అంచు ఒత్తుకోవడంలోనే ఉన్నట్టుంది. వినేవాడికి మాత్రం అన్నిట్లోనూ నువ్వే."

"నేను కావాలని ఎవరడిగారు?" ఆమె మౌత్‌పీసులన్నిటినీ పక్కకి తోసేసింది. "నాకు ఆయన కావాలి."

అన్న కోసం మరిదీ ఎన్నిసార్లు ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడో.

ఆమె తన పాత మౌత్‌పీసే తగిలించింది. ఇక పోల్చే ఓపిక లేదు. వేళ్లు వాటంతటవే అలవాటైన దారి పట్టి, పక్క కుర్చీ స్వరాన్ని ఎత్తుకున్నాయి. ఆయనదానికి రెండు మెట్లు దిగువది.

కిటికీ పక్కన స్వరం కదిలింది. మెల్లగా వచ్చి ఆమె స్వరం మీద కూర్చుంది. వంటిల్లంతా నిండిపోయింది. ఆ చివరి రోజు ఆయన ఊపిరంతా కూడగట్టుకుని ఆ స్వరాన్ని అంతసేపు ఎందుకు లాగాడో ఆమెకి అప్పుడర్థమైంది. ఇద్దరూ కలిసి వాయిస్తుంటే ఎవరో తలుపు తట్టారని ఆమె మధ్యలో లేచి వెళ్లింది. వచ్చి అందుకుంటుందని ఆయన పట్టి ఉంచాడు.

ఇద్దరి ఊపిరీ ఒక్కచోటే అయిపోయింది. ఏ స్వరమైనా ముగిసినట్టే ఆయనదీ ముగిసింది.

"విన్నావా?" అందామె.

"రెండూ విన్నాను వదినా."

ఖాళీ అయిన ఆ చోటుని ఆమె చాలాసేపు చూసింది. చెయ్యి చాపి తడిమింది. ఉత్త గాలి. కళ్లు తుడుచుకుని ట్రంపెట్ ఎత్తి, ఆయన వదిలిన మెట్టు మీదనుంచి మొదలుపెట్టింది. స్వరం సన్నగా, కాస్త గరుగ్గా వచ్చింది. ఆయనలా లేదు. అయినా ఆపలేదు.

మరిది బ్యాండుమాస్టరుకి ఫోన్ కలిపి, ఏమీ మాట్లాడకుండా దాన్ని ఆమె వైపు పట్టుకున్నాడు.