బానెట్ ఎత్తిన శనివారాలు

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరి ఇంటి ముందైనా పికప్పు బండి బానెట్ ఎత్తి కనిపిస్తే, ఆ దారిన పోయేవాడు ఆగాలి. పిలుపులూ గిలుపులూ అక్కర్లేదు. బండి దిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఇంజనులోకి తొంగిచూసి "ఏమైందిరా?" అనాలి. ఏమీ కాకపోయినా సరే, ఊరికే ఆయిలు మార్చుకుంటున్నా సరే. ఆ తర్వాత కాఫీ వస్తుంది, వాన సంగతి వస్తుంది, ఆవుల ధర వస్తుంది, ఓ పూట గడిచిపోతుంది. తూర్పు మోంటానాలో ఇంటికీ ఇంటికీ మధ్య కనుచూపు మేర గడ్డే. ఆ బానెట్లే లేకపోతే మేమంతా ఎప్పుడో మాటలు మర్చిపోయి ఉండేవాళ్ళం.

నా భార్య మార్లిస్ పోయినప్పుడు జనం బాగానే వచ్చారు. మూతలు పెట్టిన గిన్నెల్లో బంగాళాదుంపలూ మాంసమూ వండి తెచ్చారు. నేను తిన్నంత తిని, గిన్నెలు కడిగి, ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. అంతే, ఇక ఎవరికీ మా ఇంటికి రావలసిన పని లేకపోయింది. కుక్కని తిట్టేటప్పుడే నా గొంతు నాకు వినిపించేది. వేసవిలో ఆ కుక్కా పోయింది.

పక్కింటివాడు ఎల్రాయ్ ఉన్నాడు కదా అంటారేమో. పక్కిల్లంటే మైలు దూరం. ఒకే బడిలో చదువుకున్నాం, ఒకరి దూడలకి ఒకరం కాల్చిన ముద్రలు వేసిపెట్టుకున్నాం. కానీ మాటలు లేవు. డీజిలు ఇంజనుకి ఐదువేల మైళ్ళకోసారి ఆయిలు మార్చాలని నా వాదన. పదివేలు నిక్షేపంగా నడుస్తుందని వాడి వాదన. పశువుల సంతలో అందరి ముందూ "ఆయిలు కంపెనీవాడు నీకేమైనా జీతం ఇస్తున్నాడా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండి "నీ ఇంజను పట్టేసిన రోజు నేను కుర్చీ వేసుకుని మరీ చూస్తా" అన్నాను. నవ్వకండి. మా దగ్గర ఈ విషయం మీద అన్నదమ్ములే విడిపోయారు. మార్లిస్‌ని పూడ్చిన రోజు ఎల్రాయ్ చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, నాకేసి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అది నేను మర్చిపోలేదు.

ఆకులు పండబారే వేళకి నా పికప్పుకి ఆయిలు మార్చాల్సి వచ్చింది. శనివారం పొద్దున్నే బండిని రోడ్డుకి కనిపించేలా నిలిపి, బానెట్ ఎత్తాను. ఇంజను కాస్త వేడెక్కాక కింద తొట్టి పెట్టి నట్టు విప్పితే తారులాంటి నూనె జారింది. ఫిల్టరు తీశాక పాత రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుపోయిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాను. అది చూడకుండా కొత్త ఫిల్టరు బిగించినవాడి నూనెంతా నేలపాలే. కొత్త రింగుకి నూనె రాసి, చేత్తోనే బిగించి, నిదానంగా ఆయిలు పోశాను. చాలా నిదానంగా. గంటలో అయ్యే పనిని మధ్యాహ్నం దాకా సాగదీశాను. రోడ్డు మీద బండ్లు పోయాయి. నడిపేవాళ్ళు స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తి పలకరించి పోయారు. ఎవడూ ఆగలేదు.

పర్లేదులే, అందరికీ పనులుంటాయి అనుకున్నాను. మరుసటి శనివారం డీజిలు ఫిల్టర్లు మార్చి, అడుగున చేరిన నీళ్ళు తీసేశాను. చలికాలం ముందు ఎలాగూ చెయ్యాల్సిందే. ఆ పై వారం రేడియేటరు ఖాళీ చేసి కొత్త కూలెంటు పోశాను. దానికింకా ఏడాది గడువుంది. ఎల్రాయ్ ప్రతి శనివారం దాణా కోసం ఊళ్ళోకి వెళ్తాడు. వాడి బండి నా గేటు దగ్గర కొంచెం నెమ్మదించేది. నేను తలెత్తకుండా పానా తిప్పుతూ, చెవులు మాత్రం అటే పెట్టేవాణ్ణి. వాడు గేరు మార్చుకుని పోయేవాడు. పోతే పో, నీ మొహం ఎవడికి కావాలి అనుకునేవాణ్ణి. ఆ రోజంతా తిండి సహించేది కాదు.

గేర్‌బాక్సు ఆయిలు మార్చిన వారం మాత్రం ఒక కారు ఆగింది. గబగబా చేతులు తుడుచుకున్నాను. దిగింది వాగు అవతల పాత పొలం కొన్న కొత్త కుర్రాడు, సముద్రపు ఒడ్డు నగరం నుంచి వచ్చినవాడు.

"పెద్దాయనా, బండి ఆగిపోయిందా?"

"లేదు. ఆయిలు మారుస్తున్నా."

"అయ్యో, ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు? బండి లాక్కెళ్ళేవాడికి ఫోన్ చెయ్యనా? వాళ్ళే షాపుకి తీసుకెళ్ళి అన్నీ చేస్తారు."

"బాబూ, ఈ బండిని ఇంతవరకూ ఏ షాపువాడూ ముట్టుకోలేదు. కాఫీ తాగుతావా?"

"వద్దండీ, టైమైపోయింది. జాగ్రత్త!" అని తుర్రుమన్నాడు. కనీసం ఇంజనులోకి తొంగి కూడా చూడలేదు, ఏం పెంపకమో!

తర్వాత బ్రేకాయిలు మార్చాను. ఆ తర్వాత వెనక ఇరుసులో గేరాయిలు. తీసిన నూనె ఇంకా కొత్తదానిలాగే ఉంది. వెనక ఇరుసుకి ముందు బానెట్ ఎందుకెత్తావురా వెధవా అని అడిగే దిక్కు లేదు. ఎవడైనా అలా తిట్టినా బాగుండేది.

చివరికి ఒక శనివారం వచ్చింది, బండిలో మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా అలవాటుకొద్దీ బండిని అదే చోట నిలిపాను. మొన్న పోసిన ఇంజనాయిలే మళ్ళీ తీద్దామని తొట్టి కింద పెట్టి, నట్టుకి పానా తగిలించాను. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఛీ, ఇదా నీ బతుకు? మనిషి కోసం బంగారంలాంటి నూనె పారబోస్తావా? పానా అక్కడే వదిలేసి, బానెట్ ఎత్తకుండానే లోపలికొచ్చి, బూట్లతోనే వంటగదిలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది. చూసేవాళ్ళెవరని గట్టిగానే ఏడ్చాను.

ఎంతసేపయిందో, తలుపు దభాలున తెరుచుకుంది. ఎల్రాయ్! నెత్తిన టోపీ లేదు, మోకాళ్ళ నిండా మట్టి, ఆయాసంతో రొప్పుతున్నాడు.

"ఒరేయ్ ఐవర్! బతికే ఉన్నావా?"

"తలుపు కొట్టి రావడం తెలీదా నీకు?"

"బానెట్ ఎత్తలేదేం?"

"ఎత్తితే నీకేంటి, ఎత్తకపోతే నీకేంటి?"

"ప్రతి శనివారం ఎత్తుతావుగా! ఇవాళ చూస్తే దించే ఉంది. కింద తొట్టి ఉంది, పానా నట్టుకే వేలాడుతోంది, మనిషి లేడు. బండి నీమీద పడిందేమోనని నేలమీద పడుకుని మరీ వెతికానురా. నా నడుం సంగతి నీకు తెలుసుగా!"

"అంటే అన్ని వారాలూ చూస్తూనే ఉన్నావన్నమాట."

"చూడకపోవడానికి నేనేం గుడ్డివాణ్ణా?"

"చూసి కూడా ఆగలేదు." నాకు కోపం నషాళానికంటింది. "మీ నాన్న నీకు నేర్పింది ఇదేనా? బానెట్ ఎత్తి ఉంటే శత్రువైనా ఆగాలిరా!"

వాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఆగి ఏం మాట్లాడను? మార్లిస్‌ని పూడ్చిన రోజూ మాట పెగల్లేదు. అప్పుడు నోరెత్తనివాణ్ణి, ఇప్పుడేం మొహం పెట్టుకుని వస్తాను? నీ బానెట్ ఎత్తి ఉంటే, సరే, వీడు బాగానే ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు, అనుకుని పోయేవాణ్ణి."

వాణ్ణి ఒక్కటి పీకాలనిపించింది. ఎవరైనా వస్తారని నేను ఎత్తిపెడితే, రానక్కర్లేదులే అని వీడు అర్థం చేసుకున్నాడు. ఇద్దరం ముసలి గాడిదలం.

"కూర్చో," అన్నాను.

"ఆవులకి దాణా వెయ్యాలి," అంటూనే కూర్చున్నాడు. కాఫీ పోశాను. కప్పులు ఖాళీ అయ్యాయి, మళ్ళీ పోశాను. తొంగిచూడ్డానికి మా మధ్య ఇంజనైనా లేదు.

"నాకు ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండటం చేతకావట్లేదు ఎల్రాయ్," అన్నాను. "వచ్చే శనివారం రా. బండి పనేం లేదు. ఊరికే రా."

ఈ జన్మలో నేను ఒక మనిషిని అలా అడగడం అదే మొదటిసారి. వాడు ఖాళీ కప్పుని నావైపు జరిపాడు.

"ఎన్నింటికి?" అన్నాడు.