గోరింట పండిన వేళ్లు

సర్కారు తమ దగ్గరికి వస్తోందని తెలిసి ఆ వాడలో ఆడవాళ్లంతా గోరింట పెట్టుకున్నారు. పెళ్లికి పెట్టుకున్నట్టే, వేళ్ల కొసలు నల్లగా పండేదాకా ఉంచుకున్నారు. మా యంత్రానికి కావలసింది సరిగ్గా ఆ వేళ్ల కొసలే.

బైదోవా ఊరి చివర, కరువులో పశువులన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ల గుడారాల వాడ అది. ఇన్నేళ్లూ అక్కడ సాయమంటే విదేశీ సంస్థల లారీలే. లారీ దిగిన బస్తాల్లో మూడోవంతు వాడ పెద్ద ఇసాక్ గుడారంలోకి పోయేది. స్థలం ఆయనది, కాపలా ఆయనది, ఇక నోరెత్తేదెవరు? ఆ పద్ధతి మాన్పించడానికే మా మంత్రిత్వశాఖ కొత్త పథకం పెట్టింది. నెలనెలా డబ్బు నేరుగా మనిషి ఫోనుకే వస్తుంది, తీసుకోవాలంటే వేలిముద్ర పడాలి, మధ్యలో ఎవరూ ఉండరు.

నేను అందులో పేర్లు నమోదు చేసే గుమాస్తాని. గుడారం గుడారం తిరిగి, ఇది ముష్టి కాదు, మన సర్కారు మనకిచ్చేది అని గొంతు పోయేలా చెప్పాను. సర్కారంటే దారి కాసి, తుపాకీ చూపించి పన్ను గుంజేవాడని మాత్రమే తెలిసిన జనం వాళ్లు. నమ్మరనుకున్నాను. నమ్మారు. కొంప మునిగింది అక్కడే.

వరసలో ముందు నిలబడినామె పేరు బతూలో. భర్త లేడు, ముగ్గురు పిల్లలు, చంటిదానికి ఒంట్లో సత్తువ లేక ఆసుపత్రికీ గుడారానికీ మధ్య తిరుగుతోంది. టీలో చక్కెర మానుకుని మరీ గోరింట పొడి కొన్నానని మురిసిపోతూ చెప్పి, వేలు పెట్టింది. యంత్రం ఎర్రదీపం వేసింది. వేలు మార్చింది. మళ్లీ ఎర్రదీపమే. తలెత్తి చూస్తే వెనక వరసంతా నల్లటి వేళ్లే.

గోరింట కింద వేలి గీతలు యంత్రానికి ఆనవు, ఆ రంగు వదలడానికి వారాలు పడుతుంది. రాజధాని మొగదిషులో మా పై అధికారి దీరియెకి ఫోన్ చేస్తే ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత నిబంధన చెప్పాడు. ముద్ర పడనివాళ్ల బదులు ఇంట్లో మగవాడి వేలు తీసుకోవాలట, మగదిక్కు లేకపోతే వాడ పెద్దమనిషి వేలు. ఆ పెద్ద చేతిలో పడకూడదనే కదా మనం ఇదంతా చేస్తున్నది అన్నాను.

"రేపు యంత్రాలు హుద్దూర్ ఊరి పనికి విమానం ఎక్కాలి ముర్సల్," అన్నాడు. "అనుకున్నంతమంది పేర్లు ఎక్కకపోతే పథకానికి డబ్బిచ్చే పైదేశాలవాళ్లు మళ్లీ ఆ సంస్థల దగ్గరికే పోతారు. సర్కారుకి చేతకాదని వాళ్లు ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

ఈలోగా ఆడవాళ్లు ఇసకతో వేళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టారు. బతూలో వేలు తోలు లేచి నెత్తురు చిమ్మింది. ఆ వేలు కూడా యంత్రానికి పనికి రాలేదు. ఇక చాలు, ఆపండని బతిమాలాను.

అప్పుడొచ్చాడు ఇసాక్, చేతులు శుభ్రంగా కడుక్కుని. "కంగారెందుకు నాయనా, నా వేలుంది కదా. వీళ్లంతా నా బిడ్డలే," అంటూ నా వీపు నిమిరాడు.

బతూలో ఆయన వంక చూడలేదు. "ఆ చెయ్యి నాకు కొత్త కాదు తమ్ముడూ, ఎన్నేళ్లుగానో నా బస్తాలోనే ఉంది," అంది నాతో. "వద్దంటే నా పేరుండదా?" అని అడిగింది.

ఉండదన్నాను.

"అయితే ఆయన వేలే ఎక్కించు. చంటిది అంతదాకా ఆగలేదు."

ఆమె పేరు మీద ఇసాక్ వేలు పెట్టాడు. మగవాళ్లు కూలికని ఎటో పోయినవాళ్లే, దాంతో తర్వాత అందరి పేర్ల మీదా ఆయనే పెట్టాడు. ప్రతిసారీ పచ్చదీపం చక్కగా వెలిగింది. ఆ యంత్రాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, మర్నాడు జాగ్రత్తగా విమానం ఎక్కించాను.

వానలు వెళ్లాక నన్ను మళ్లీ ఆ వాడకి పంపారు. డబ్బు నెలనెలా వస్తోంది, అందులో మూడోవంతు ఇసాక్ దగ్గరే ఆగుతోంది. మా ఆఫీసు మాత్రం పేర్లు బాగా ఎక్కిన వాడల్లో దీన్ని ముందు చెప్పుకుంటోంది. ఆ రోజు అక్కడ పెళ్లి జరుగుతోంది. డప్పులు మోగుతున్నాయి, మేకమాంసం ఉడుకుతోంది. పెళ్లికూతురి చేతులు మాత్రం బోసిగా ఉన్నాయి. చుట్టూ చూశాను. ఏ ఒక్క చేతికీ గోరింట లేదు. పెళ్లికి కూడా పెట్టుకోలేదా అని బతూలోని అడిగాను.

"సర్కారు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు కదా," అంది. చంటిది ఆమె చంకలో ఉంది, ఇంకా పుల్లలాగే ఉంది. "అందుకని అప్పట్నుంచి ఎవ్వరం ముట్టుకోలేదు."

నా భుజాన సంచి చూసి ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచొచ్చారు. పెళ్లికూతురూ లేచింది. ఎవరూ చెప్పకుండానే వరస కట్టి, శుభ్రమైన వేళ్లు నా ముందుకి చాపారు.

సంచిలో యంత్రం లేదు. పథకం తృప్తిగా ఉందా అని వాళ్లని అడగమని ఇచ్చిన ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి.