చీమకు చెప్పులు

మా నీటి సరఫరా ఆఫీసులో సర్వర్ గది తలుపును నెట్‌వర్క్‌కు కలపమని పట్టుబట్టింది నేనే. సెల్‌ఫోన్లు గది బయటే వదలాలన్న నియమమూ నాదే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తలుపు కూడా వేసుకుని పడ్డాను.

ఆ పొద్దున మా ఆఫీసు పెద్దాయన గొంతును కంప్యూటర్‌తో తయారుచేసి ఎవరో ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే, మా ఇంజనీరు వినయంగా అప్పజెప్పాడు. అంతే, శత్రువులు నెట్‌వర్క్‌లోకి చొరబడి ఊరి నీళ్లలో క్లోరిన్ కలిపే యంత్రాల దాకా వచ్చేశారు. నేను గదిలోకి పరిగెత్తి ప్రధాన నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. యంత్రాలు దక్కాయి గాని, తలుపు బిగుసుకుపోయింది. కేబుల్ పెడితే తలుపు తెరుచుకుంటుంది, వాళ్లూ మళ్లీ లోపలికొస్తారు. ఏసీ కూడా ఆ నెట్‌వర్క్‌దే, ఆగిపోయింది. మందపాటి తలుపు, అరిచినా వినపడదు. గోడకున్న పాత ఫోన్‌కు బయటి నుంచి ఫోన్లు వస్తాయి, దాన్నుంచి మనం చేయలేం.

అది మోగింది. మా ఆయన.

"పాప బడిలో మెట్ల మీంచి పడింది. చెయ్యి విరిగింది. నువ్వు కావాలని ఒకటే ఏడుపు. ఆ కేబులేదో పెట్టేసి బయటికి రా."

గొంతు ఆయనదే. కానీ కేబుల్ సంగతి ఆయనకెవరు చెప్పారు? పొద్దున విన్నదీ పెద్దాయన గొంతే కదా!

ఇలాంటి రోజు కోసమే ఇంట్లో ఒక రహస్యపు మాట పెట్టాను. దాన్ని పాపే ఎంచింది.

"మనింటి మాట చెప్పండి."

"ఏ మాట?"

"అదే, మన ముగ్గురి మాట."

"నీకు మతిగానీ పోయిందా? పిల్ల ఏడుస్తుంటే పొడుపుకథలా?"

వెనక ఏడుపు వినిపిస్తోంది. గొంతు తయారుచేసినవాళ్లకు ఏడుపొక లెక్కా? అయినా నా చెయ్యి కేబుల్ దాకా వెళ్లింది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. నా పాప తాగేదీ అవే. ఫోన్ పెట్టేశాను. మళ్లీ మోగింది, మళ్లీ మోగింది. ఎత్తలేదు. చెవులు మూసుకుని నేల మీద కూర్చున్నాను. అదంతా అబద్ధమే కావాలని కోరుకున్నాను.

సాయంత్రానికి తలుపు కోసి నన్ను బయటికి తీశారు. వరండాలో మా ఆయన, పక్కన చేతికి కట్టుతో పాప. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఇంజనీరు నోట విన్న కేబుల్ సంగతి వాచ్‌మన్ చెప్పాడట. ఆ ముక్క గోడకేసి చూస్తూ చెప్పాడు మా ఆయన.

పాప మాత్రం నన్నే చూసింది.

"చీమకు చెప్పులు," అంది. "నేను అరిచి చెబుతూనే ఉన్నానమ్మా. నువ్వే పెట్టేశావు."