కోటులో కుట్టిన పింఛను

ముత్యం బ్యాంకును నమ్మడు. అతనికి ఏ బ్యాంకూ ద్రోహం చేయలేదు. కంటికి కనిపించని దాన్ని తనదని అనుకోవడం అతనికి చేతకాదు, అంతే. జగిత్యాల పక్క పల్లె నుంచి ఖతర్ వచ్చి, సైట్ల మీద ఇనుప చువ్వలు వంచి కట్టే పనిలో పడ్డప్పటి నుంచి ఒకటే ఆలోచన: ఒళ్ళు సహకరించని రోజు వచ్చాక ఏం తిని బతకాలి? కంపెనీ పింఛను ఇవ్వదు. ఆఖర్న చేతిలో పెట్టే సర్వీసు డబ్బు ఇంటి స్లాబుకే చాలదని ముందే తిరిగి వెళ్ళినవాళ్ళు చెప్పారు. అందుకని ముత్యం తన పింఛను తానే ఏర్పాటు చేసుకున్నాడు. చేతిలో మిగిలినప్పుడు చిన్న బంగారు బిస్కెట్టు, అంత మిగలనప్పుడు వెండి కడ్డీ.

"గట్టిగ ఉండాలె. కింద వడితె ఠంగుమనాలె," అనేవాడు రూములో వాళ్ళతో. "ఫోన్ల అంకెలు జూస్కుంట మురుసుడు నాతోని గాదు."

కొనడం సులువే. పెట్టుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. బర్వా అల్ బరాహా క్యాంపులో అతని రూముకు ఇనుప అల్మారా ఉంది గాని, తాళం చెవి పోయినప్పుడు దాన్ని అతనే ఒకసారి చెంచాతో తెరిచాడు. తాను తెరిచిన దాన్ని ఇంకొకడు తెరవలేడా? ఇంటికి పంపుదామంటే భార్య సాయవ్వే వద్దంది.

"ఈడికి వంపకు. మా తమ్ముని కండ్ల వడ్డదంటె వాడు కుదువ వెట్టి ట్రాక్టర్ దెస్తడు. ముసలితనంల మనం ట్రాక్టర్ తింటమా?"

చివరికి ముత్యం కళ్ళు టైలర్ ఖుత్బుద్దీన్ మీద పడ్డాయి. ఖుత్బుద్దీన్‌ది కోరుట్ల. క్యాంపు దగ్గరి మార్కెట్లో చిన్న కుట్టు దుకాణం. చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వడం అతని చరిత్రలో లేదు. కాని మిగిలిన గుడ్డముక్కను, అది రుమాలంత ఉన్నా సరే, మడతపెట్టి ప్యాంటు జేబులో పెట్టి ఇచ్చేవాడు. అలాంటివాడు బంగారం కాజేయడని ముత్యం లెక్క.

"నేను వీసా క్యాన్సల్ కొట్టుకొని ఇంటికి వొయ్యేదాక నాకు ఇయ్యొద్దు భాయ్," అని షరతు కూడా తానే పెట్టాడు. "నేనొచ్చి ఏడ్చినా ఇయ్యొద్దు."

"కాళ్ళు మొక్కితె?" అన్నాడు ఖుత్బుద్దీన్.

"మొక్కితె లేవనెత్తు. గని ఇయ్యొద్దు."

ఎక్కడ దాస్తావని ఒకసారి అడిగితే, "తెలిస్తె నీకు నిద్ర వట్టదు," అని చాయ్ తెప్పించాడు ఖుత్బుద్దీన్. ముత్యం చాయ్ తాగి వచ్చేశాడు. అలా ఏళ్ళు గడిచాయి. బిస్కెట్లూ పెరిగాయి, కడ్డీలూ పెరిగాయి.

ఒక శుక్రవారం పొద్దున ముత్యం కొత్త వెండి కడ్డీ ఒకటి పట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. అక్కడ రామాంజులు ఉన్నాడు. అతనిది కడప జిల్లా. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు విల్లాలో డ్రైవరు. అద్దం ముందు నిలబడి కొత్త ప్యాంటు నడుము దగ్గర బిగుతైందని గొణుగుతున్నాడు. ఖుత్బుద్దీన్ పన్ను పీకించుకుని ఆ పొద్దే మళ్ళీ దుకాణం తెరిచాడు. అతను లేనప్పుడు గల్లా మీద కూర్చున్నది బావమరిది ఫరీదుద్దీన్.

ఖుత్బుద్దీన్ కడ్డీ అందుకోబోతూ, అలవాటుగా తల ఎత్తి పైన కొక్కెం వైపు చూశాడు. కొక్కెం ఉంది. కొక్కేనికి ఏమీ లేదు.

"ఫరీద్, నల్ల కోటు ఏది?"

ఫరీదుద్దీన్ ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు ఛాతీ విరిచాడు. "అమ్మేసిన దూలేభాయ్! ఎన్నేండ్ల సంది ఏలాడుతున్నదో ఏమో. దుమ్ము దులిపి, ఇస్త్రీ జేసి, మంచి రేటుకు అమ్మిన."

ఖుత్బుద్దీన్ స్టూలు కోసం చేయి చాపి, అందక, నేల మీదే కూర్చున్నాడు. ముత్యానికి జాలేసింది. "పాత కోటే గద భాయ్. పోతె పోయింది తియ్యి," అని ఓదార్చాడు.

"ముత్యం... గండ్లనే ఉన్నది."

"గండ్ల ఏమున్నది?"

"నీ ముసలితనం."

అర్థం కావడానికి ముత్యానికి కాసేపు పట్టింది. ఆ కోటు ఎవరో ఇంజనీరు కుట్టించుకుని తీసుకోకుండానే దేశం వెళ్ళిపోయాడట. దొంగ వస్తే గల్లా పగలగొడతాడు, మిషన్ ఎత్తుకుపోతాడు గాని, ఎవరూ అడగని కోటును తాకడని ఖుత్బుద్దీన్ నమ్మకం. దొంగ గురించి అతని ఊహ సరైనదే. బావమరిది గురించే ఆలోచించలేదు.

"బంగారం భుజాలల్ల దూది నడుమ కుట్టిన. వెండి కింది అంచుల. ఎడమ దిక్కు సగం, కుడి దిక్కు సగం," అన్నాడు ఖుత్బుద్దీన్. అంత దుఃఖంలోనూ గొంతులో కొంచెం గర్వం వినిపించింది. "బరువు సమానంగ లేకుంటె కోటు ఒకదిక్కు వంగుతది."

రామాంజులు అద్దం వదిలేసి ఇటు తిరిగాడు. "ఏందప్పా ఇది! బంగారమంటే బీరువాలో పెడతారు, లేకుంటే మెడలో ఏసుకుంటారు. కోటులో కుడతారా సామీ ఎవురైనా?"

ముత్యం ఫరీదుద్దీన్ భుజాలు పట్టుకున్నాడు. ఇనుము వంచే చేతులవి. "ఎవనికి అమ్మినవ్?"

ఫరీదుద్దీన్ గడగడా చెప్పేశాడు. కొన్నది రయీస్ అనే బోధన్ కుర్రాడు, దుకాణానికి పాత గిరాకీయే. అల్ రువైస్ రేవులో చేపల వేలం దగ్గర పని. ఈరోజే వీడియో కాల్లో నిశ్చితార్థం, అందుకే కోటు.

రామాంజులు ప్యాంటు ముచ్చట మరిచిపోయాడు. "నేను పోయేదీ ఆడికే. మా సారుకు శుక్రవారం రువైస్ చాపలు లేకుంటే ముద్ద దిగదు. ఎక్కండి, యల్లా!"

షమాల్ రోడ్డు మీద బండి ఉత్తరానికి పరుగెత్తింది. ముందు సీట్లో ముత్యం, మిగిలిన ఆస్తి అదొక్కటే అన్నట్టు కొత్త కడ్డీని గుప్పిట్లో బిగించి కూర్చున్నాడు. వెనక ఖుత్బుద్దీన్ ఒళ్ళో సూదుల డబ్బా, నోట్లో పీకిన పన్ను చోట దూది.

"ఉన్నదున్నట్టు జెప్పి అడుగుదం," అన్నాడు ముత్యం.

"సెప్పినావంటే అయిపోయినట్టే," అన్నాడు రామాంజులు. "నేను కొన్నది కోటా, కోటులో ఉండేదంతానా అని పంచాయితీ పెడతాడు. ఆ పంచాయితీ తెగేలోపల మా సారు చాపలు కుళ్ళిపోతాయి."

రేవు పక్కన రేకుల గదిలో రయీస్ దొరికాడు. ఐస్ పెట్టె మీద ఫోను నిలబెట్టుకుని, కాల్ కోసం దాని ముందు నల్ల కోటుతో నిటారుగా కూర్చున్నాడు. ఎండ మండిపోతోంది. నుదుటి మీది చెమట చుక్కలు చుక్కలుగా కోటు కాలరు మీదికి జారుతోంది. ఖుత్బుద్దీన్‌ను చూడగానే లేచి వచ్చి కావలించుకున్నాడు.

"భాయ్! ఏం కోటు కుట్టినవ్! ఏసుకోంగనే మనిషి సీదా నిలవడుతున్నడు. ఇంతకుముందు నా ఫోటో జూసి ఒక సంబంధం వాళ్ళు, పిల్లగానికి గూని ఉన్నదా అని అడిగిండ్రు. ఇప్పుడు జూడు!"

నిజమే. భుజాలు వెనక్కి లాగి పట్టినట్టున్నాయి, అంచు మేస్త్రీ తూకం గుండు వేలాడదీసినట్టు నిలువుగా దిగింది. అది తన పనితనమని ఖుత్బుద్దీన్‌కూ, తన బంగారమని ముత్యానికీ తెలుసు.

"కుడి చెయ్యి కొంచెం పొడుగైంది రయీస్. ఇప్పు, సరిజేస్త," అన్నాడు ఖుత్బుద్దీన్.

"అస్సలొద్దు భాయ్. మంచిగున్నదాన్ని ముట్టొద్దు."

ముత్యం ఆగలేకపోయాడు. కడ్డీని జేబులో వేసి ముందుకు వెళ్ళి, "ముబారక్ తమ్మీ!" అంటూ రయీస్ రెండు భుజాలూ పట్టుకుని నొక్కాడు. దూది కింద గట్టిగా, పలకగా తగిలాయి. ఎడమన ఉన్నాయి, కుడినా ఉన్నాయి. ఏళ్ళ తర్వాత తన బిస్కెట్లు తన చేతికి తగిలేసరికి ముత్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రయీస్ కరిగిపోయాడు. "అన్నా, నువ్వెవరో నాకెరుక లేదు. నా సొంత అన్న గూడ నా నిశ్చితార్థానికి గిట్ల ఏడ్వలే."

ఇంతలో ఫోను మోగింది. అమ్మాయి తండ్రి. ఈ దేశంలో తనకెవరూ లేరు, పెద్దమనుషుల్లా పక్కన నిలబడండని రయీస్ బతిమాలాడు. ముగ్గురూ నిలబడ్డారు. కొత్త ప్యాంటు బిగుతుతోనే బండి నడిపి వచ్చిన రామాంజులుకు కూర్చోవడం కంటే నిలబడటమే హాయిగా ఉంది. అవతల బోధన్‌లో ఒక గది నిండా జనం. మధ్యలో పెళ్ళికూతురు మెహ్విష్ తలవంచి కూర్చుంది. దువా చదివారు, మిఠాయి ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నారు. ఇటువైపు మిఠాయి లేక రామాంజులు జేబులోంచి దగ్గు బిళ్ళ తీసి రయీస్ నోట్లో పెట్టాడు. చివర్న మెహ్విష్ చెల్లెలు ఫోను దగ్గరికి వచ్చి, "అక్కకు కోటు బాగా నచ్చిందట, పెండ్లయినంక వలీమా దావత్‌కు కూడ ఇదే ఏసుకోవాల్నట," అని నవ్వి పారిపోయింది.

ఇక కోటు వదలడేమోనని ముత్యం ఖుత్బుద్దీన్‌ను మోచేత్తో పొడిచాడు.

కాల్ అయిపోగానే రయీస్ ఉడుకు తట్టుకోలేక కోటు విప్పి మంచం మీద వేశాడు. అది మంచాన్ని తాకిందో లేదో, ఖుత్బుద్దీన్ చేతిలో ఉంది. "వలీమా కోటంటె ఇంకా జాగ్రత్తగ జూడాలె. గుండీలు గట్టి జేసి తెస్త," అని సమాధానం వినకుండా బండి వైపు నడిచాడు.

ఏసీ వేసుకుని, అద్దాలు ఎక్కించి, ఖుత్బుద్దీన్ బ్లేడుతో కుట్లు విప్పాడు. భుజాల నుంచి బిస్కెట్లు, అంచు నుంచి కడ్డీలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ముత్యం చేయి చాపాడు. ఖుత్బుద్దీన్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"క్యాన్సల్ కొట్టినవా?"

"భాయ్!"

"నువ్వు వెట్టిన షరతే గద," అంటూనే సిగ్గుపడి మొత్తం అతని ఒళ్ళో పోశాడు. రామాంజులు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు.

కోటు మళ్ళీ కుట్టి తీసుకెళ్ళి ఇచ్చారు. రయీస్ వేసుకుని గోడకున్న అద్దం ముక్కలో చూసుకున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"భాయ్, ఏం జేసినవ్? కోటు పానం పోయింది."

నిజంగానే పోయింది. భుజాలు ముందుకు వాలాయి, అంచు పైకి లేచింది, రయీస్ వంగిపోయి కనిపించాడు. ముత్యం టైలర్ చెవిలో, "పోదాం పా భాయ్, మన పని అయింది," అన్నాడు. ఖుత్బుద్దీన్ కదల్లేదు.

"నా చేతి కోటు ఏసుకొని పిల్లగాడు గూనోనిలెక్క పెండ్లికి వోతడా? గట్లయితె నేను మిషన్ అమ్ముకుంట."

ఏం చేయాలో తోచక ముగ్గురూ బయటికి వచ్చి నిలబడ్డారు. రేవు గట్టు మీద జాలర్లు వలలు బాగు చేసుకుంటున్నారు. రామాంజులు వాటి వైపే చూస్తూ ఉండి, "సామీ, ఆ వల అంచుకు కట్టేవి ఏంటివి? సీసం గుళ్ళు కదా?" అన్నాడు.

ఖుత్బుద్దీన్ ముఖం వెలిగింది. ఒక ముసలి జాలరిని బతిమాలి గుప్పెడు సీసం తెచ్చాడు. భుజాల్లో చదును చేసినవి, అంచులో గుండ్రటివి పెట్టి, ఎడమకు సగం కుడికి సగం సరిచూసి కుట్టాడు. ఈసారి కోటు వేసుకోగానే రయీస్ మునుపటికంటే నిటారుగా నిలబడ్డాడు.

"ఇగో, ఇప్పుడొచ్చింది పానం!"

వెళ్ళబోతూ ముత్యం గుమ్మంలో ఆగాడు. అన్నగా నిలబడి నిశ్చితార్థం చూసి, భుజాలు పిసికి, ఒట్టి చేతులతో పోవడం అతనికి మంచిగా అనిపించలేదు. పొద్దుటి నుంచి వెంట ఉన్న కొత్త కడ్డీని తీసి చూసుకున్నాడు. జేబులో పెట్టాడు. మళ్ళీ తీశాడు. చివరికి రయీస్ చేతిలో పెట్టేశాడు.

"మరదలికి పట్టగొలుసులు జేయించు."

రయీస్ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, గింత వెండి నేను ఏడ దాసుకోవాలె?"

"యాడన్న దాసుకో. కోట్ల మాత్రం కుట్టకు."

తిరుగు ప్రయాణంలో చేపల వాసన మధ్య ముత్యం తన పింఛను మొత్తం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోరుకున్నట్టే చేతికి తగులుతోంది. కాని సుఖంగా లేదు. పక్కన ఏ బండి వచ్చినా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పెట్రోలు బంకులో పనివాడు అద్దం తడితే ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకున్నాడు. చివరికి సాయవ్వకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు. చెప్పి, "ఇగ ఎవని దగ్గర వెట్టాలె?" అని అడిగాడు.

"స్పీకర్ల వెట్టు," అంది సాయవ్వ. పెట్టాడు. "ఖుత్బన్నా, ఉన్నవా?"

"ఉన్న చెల్లె. తప్పు నాదే. ఇగ నాతోని గాదు, ఇంకెవలి దగ్గరన్న వెట్టుకొమ్మను."

"గట్లెట్లంటవ్? పరాయోని బంగారం కోసం పంటి నొప్పితోని సముద్రం దాక ఉరికినోడివి. ఖతర్ మొత్తం ఎతికినా నీలాంటోడు మాకు ఇంకొకడు దొరుకుతడా? నీ దగ్గరనే ఉంటది. గని ఇనుప పెట్టె కొను. తాళం చెవి మా ఆయన మొలతాడుకు కట్టు."

పీకిన పన్ను నొప్పి వల్ల కాబోలు, ఖుత్బుద్దీన్ ముక్కు ఎగబీల్చాడు.

దారిలోనే పెట్టె కొన్నారు. దాన్ని దుకాణంలో కత్తిరింపు బల్ల కింద నేలకు బోల్టులతో బిగించింది ముత్యమే. ఎంత గట్టిగా బిగించాడంటే, రేపు దుకాణం మారిస్తే గచ్చు పగలగొట్టక తప్పదు. ఇప్పుడు శుక్రవారం వస్తే అతను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని దుకాణానికి వెళ్తాడు. బల్ల కింద దూరి, పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ చేత్తో తాకి, మళ్ళీ తాళం వేస్తాడు. ఫరీదుద్దీన్ ఆ కాసేపూ దుకాణం బయట నిలబడాలన్నది ఖుత్బుద్దీన్ పెట్టిన కొత్త నియమం. అతనూ ఏమీ అనుకోడు. బయట నిలబడి వచ్చేపోయేవాళ్ళను పిలిచి, తన బావ కుట్టిన కోటు వేసుకుంటే ఎంతటి గూనివాడైనా నిటారుగా నిలబడతాడని చెబుతుంటాడు. ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. సీసం కోసం ఖుత్బుద్దీన్ రువైస్‌కు మనిషిని పంపాల్సి వస్తోంది.