ఒరుగులు ఎవరు తిన్నారు

నేను ఒక పెట్టెను. బీరువా అంత గొప్పదాన్ని కాను, అలాగని బియ్యం డబ్బాతో పోలిస్తే ఒప్పుకోను. ఇనుప కాళ్ల మీద నిలబడి, పైన అద్దం మూత కప్పుకుని, కడుపులో నల్లరంగు పూసుకుని ఎండ తాగుతూ బతికాను. నా జాలీ ట్రేల మీద కూరగాయ ముక్కలు పరిస్తే ఒకటి రెండు ఎండల్లో తడి లాగేస్తాను. చేసినవాళ్లు నన్ను సోలార్ డ్రైయర్ అన్నారు. పలమనేరు పక్క పల్లెలో రెడ్డెమ్మ మాత్రం ఎండపెట్టె అంది. నాకు ఆ పేరే నచ్చింది.

మదనపల్లెలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. పుట్టగానే శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లి, రిబ్బను కట్టి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వాళ్లలో ఒక్కరూ నాలో ముల్లంగి ముక్కైనా పెట్టి చూడలేదు. తర్వాత మహిళా సంఘం లీడరింటికి చేరాను. నేనెక్కడ పాడైపోతానో అని ఆమె గోనెపట్టాలు కప్పి నన్ను నీడలో దాచింది. ఎండ కోసం పుట్టినదాన్ని ఎండ తగలకుండా కాపాడటం మనుషులకే చేతనవుతుంది. చివరికి చోటు చాలడం లేదని సంఘంలోనే ఉన్న రెడ్డెమ్మ పెరట్లోకి నన్ను తోశారు. నా బతుకు నిజానికి అక్కడే మొదలైంది.

ఆ ఊళ్లో చలికాలమంతా క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి కుప్పలుతెప్పలుగా పండుతాయి. మూడూ ఆవాల వంశానివే. అడిగేవాడు లేని రోజున వాటిని ఆవుల ముందు పోస్తారు. ఎండలు ముదిరేసరికి పులుసులోకి ఒక్క ముక్క దొరకదు. అందుకని రెడ్డెమ్మ కాలీఫ్లవర్‌ను పూలుగా విడదీసి, మరిగే ఉప్పునీళ్లలో ఒకసారి ముంచి తీసి, నాలో పరిచేది. గలగలలాడే ఒరుగులయ్యాక గాలి చొరని డబ్బాల్లో పోసేది. సంఘం ఇప్పించిన శిక్షణలో విన్నది ఆమెకు బాగా పట్టింది. ఈ జాతి కూరల్లో పీచుంది, ఎముకకు బలమిచ్చే గుణముంది, కడుపుతో ఉన్న ఆడవాళ్లకు కావలసిన ఫోలేట్ కూడా ఉంది. ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి. ఆ పోవడంలో నా చెయ్యీ ఉంది కనుక ఈ మాట దాచను.

కోడలు హేమావతి కడుపుతో ఉన్న వేసవి అది. నీళ్లబిందె ఎత్తబోయి, కళ్లు తిరిగి, నా కాలు పట్టుకుని కూలబడింది. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే రక్తం బాగా తక్కువని తేలింది. మాత్రలిచ్చి, మంచి తిండి పెట్టమన్నారు. ఇలాగే ఉంటే కాన్పు కష్టమవుతుందనీ చెప్పారు. రెడ్డెమ్మ దగ్గరుండి మాత్రలు మింగించింది. రోజూ ఒరుగులు నానబెట్టి పప్పులోనో పులుసులోనో వేసి వండింది. అయినా తర్వాతి పరీక్షలో రక్తం అంతంతమాత్రమే. రెడ్డెమ్మకు నా మీదే అనుమానం వచ్చింది.

"దీంట్లో ఎండేసి సత్తువంతా పోగొడతా ఉండామేమో," అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. పెట్టె ఏడిస్తే ఎవరు చూస్తారు?

ఒకరోజు నర్సు విజయకుమారి ఇంటికే వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నిన్న ఏం తిన్నావని హేమావతిని అడిగింది. జవాబు రెడ్డెమ్మ చెప్పింది.

"కాలీఫ్లవర్ పులుసు, ముల్లంగాకు పప్పు, సంగటి మేడమ్. నా చేత్తో నేనే చేసినా."

"నువ్వు వండింది కాదక్కా. ఈ పిల్ల తట్టలో ఏం పడిందో చెప్పు."

హేమావతి తల వంచుకుంది.

"సంగటీ మజ్జిగ," అంది. "కూర మామకీ ఆయనకీ సరిపోయింది."

ఆ ఇంట్లో మగవాళ్లు పొలం నుంచి వచ్చి తిన్నాకే ఆడవాళ్లు కూర్చుంటారు. కూర బాగుంటే వాళ్లకే మారు వడ్డిస్తారు. రెడ్డెమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి అలాగే తిన్నది కాబట్టి అది ఆమె కంటికి ఆనలేదు. వండి గిన్నె దించితే కోడలికి పెట్టినట్టే అనుకుంది. నేను ఎండబెట్టినదాంట్లో మేలు ఉంది, ఆ మేలంతా అవతలి కంచాల్లోకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె రెండు కంచాలు తెచ్చి నా నీడలో పెట్టింది.

"కూసో మే."

"మామ ఇంకా రాలేదత్తా."

"వస్తాడులే. గిన్నెలో ఉంటాది."

వాళ్లు తింటుండగానే మామ వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఏంది, ముందే కూసున్నారే?" అన్నాడు.

"కోడలికి ఆకలైంది," అంది రెడ్డెమ్మ. లేవలేదు.

ఆయన లోపలికి పోయి తనే వడ్డించుకున్నాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

తర్వాత రక్తం పెరిగింది, ఆడబిడ్డ క్షేమంగా పుట్టింది. మాత్రల వల్లేనని నర్సు, గంగమ్మ దయేనని మామ అన్నారు. నేను పోటీకి పోలేదు. ఇప్పుడు సంఘానికి కరెంటు డ్రైయర్ వచ్చింది. నా అద్దం పగిలింది, లోపల కోడి పొదుగుతోంది. గుడ్లకు కావలసింది కూడా వెచ్చదనమే కదా అని సరిపెట్టుకున్నాను.

తీరిక ఎక్కువై పాతవన్నీ తలుచుకుంటుంటాను. అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మొదటి మధ్యాహ్నమే. రెడ్డెమ్మ సంగటి తుంచి, పొగలు కక్కే కాలీఫ్లవర్ పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. కోడలి వైపు తిరిగింది.

"నేను చేసే కూర ఇంత బాగుంటాదా? ఇన్నేండ్లలో ఒక్కరూ చెప్పలేదే," అంది.